వానక్క పుట్టినరోజు: ఇంట్లో చేసుకున్న సూపర్‌హీరో పండగ డైరీ

జూన్ రెండో వారం: ఏం కావాలో తేల్చుకోవడం

మా చిన్నదానికి జూలైలో ఐదేళ్లు నిండుతాయి. సూపర్‌హీరో పుట్టినరోజు కావాలని ఎండాకాలం సెలవుల నుంచే అడుగుతోంది. అనంతపురంలో ఇప్పుడు దీనికి కొదవేం లేదు. టవర్‌క్లాక్ చుట్టుపక్కల అంగళ్లలో బ్యానరు, బెలూన్లు, ప్లేట్లు, టోపీలు, మాస్కులు అన్నీ ఒకే బొమ్మతో కట్టగట్టి అమ్ముతారు. డబ్బిస్తే ఇంటికొచ్చి పూటలో అలంకరించి, రాత్రికి విప్పుకొని పోయేవాళ్లూ ఉన్నారు. నేనూ మా ఆయనా మాట్లాడుకుని వేరే దారి పట్టాం. పండగలో కనిపించే ప్రతి వస్తువు మీదా పిల్ల చెయ్యి పడాలి. తను కోసిందో, అతికించిందో, రంగేసిందో, కనీసం ఏ రంగో తేల్చిందో అయ్యుండాలి. తన చేత్తో అయిన పని అంటే ఐదేళ్ల పిల్లకు ఎంత గర్వమో రోజూ చూస్తున్నా. బడిలో చేసిన కాగితం పడవను నలిగిపోయేదాకా దిండు కింద పెట్టుకుని పడుకుంది. పుట్టినరోజును ఆ గర్వం చుట్టూ కట్టాలని నా కోరిక.

మొదటి ప్రశ్న, ఏ హీరో అని. మా ఆయనకు బొమ్మల కథల పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది. రాత్రి అన్నాలయ్యాక పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. సూపర్‌మ్యాన్ 1938లో అమెరికాలో ఒక కామిక్ పుస్తకంలో మొదట వచ్చాడు, బ్యాట్‌మ్యాన్ ఆ మరుసటేడు వచ్చాడు, స్పైడర్‌మ్యాన్ 1962లో. అదే 1962లో వచ్చిన హల్క్ మొదటి సంచికలో బూడిద రంగులో ఉన్నాడు. అచ్చులో ఆ బూడిద రంగు ఒక్కో పేజీలో ఒక్కో తీరుగా పడుతోందని రెండో సంచిక నుంచి ఆకుపచ్చగా మార్చేశారు. పిల్ల ఇది విని లేచి కూర్చుంది.

"అయితే హీరోలను మనుషులే చేస్తారా నాయనా?"

"మనుషులే చేస్తారు."

"అట్లయితే నేనూ చేస్తా."

అక్కడితో మా పండగకు పునాది పడింది. ఎవరో గీసిన హీరోను తెచ్చి గోడకు అంటించే అవసరం లేదు.

జూన్ మూడో వారం: వానక్క పుట్టింది

ఈ వారం పనంతా మాటలే. హీరో ఎవరు, ఏం చేయగలదు, ఏ రంగు బట్టలు, గుర్తు ఏంటి? నేను ఏ ఒక్కటీ అందించకుండా ఓపికగా అడుగుతూ పోయాను. పెద్దవాళ్లు ఇక్కడ తొందరపడితే పిల్లలు మన మాటనే తిప్పి మనకు చెబుతారు.

జూన్ సగం దాటినా మా ఊళ్లో చినుకు లేదు. అనంతపురం వానచాటు జిల్లా. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల అటూ ఇటే. ఇంట్లో పొద్దున లేస్తే వినపడే మాట మబ్బు గురించే. చెనక్కాయ విత్తనం వేయాలా ఆగాలా అని మా మామ ఊరికి ఫోన్ చేసి మాట్లాడుతుంటారు. ఇవన్నీ పిల్ల చెవిన పడుతున్నాయని నాకు తట్టలేదు. ఒక సాయంత్రం వాకిట్లో కూర్చుని చాలాసేపు ఆలోచించి చెప్పింది: "వాన యాడికి పోయిందో నేను పోయి పిల్చకొస్తా. మబ్బుకు తాడు కట్టి లాక్కొస్తా."

పేరు కూడా తనే పెట్టుకుంది. వానక్క. శక్తి, మబ్బును తాడుతో లాగడం. రంగు, నెమలికంఠం నీలం. గుర్తు, చినుకు. శత్రువు ఎవరని అడిగితే దప్పి దయ్యం అంది. దాన్ని కొట్టాలా అంటే, "కొట్టేదెందుకు, నీళ్లు తాపితే పోతాది కదా" అని నాకే చెప్పింది. ఆ మాట డైరీలో రాసుకుని కింద గీత గీశాను. ఆటలన్నీ ఎలా ఉండాలో ఆ ఒక్క మాటే తేల్చింది. పిల్లలకు తుపాకులు, కత్తులు ఇచ్చి ఒకళ్ల మీదికొకళ్లను తోలే సూపర్‌హీరో పార్టీలు నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. మా పండగలో దయ్యానికి దాహం తీరుస్తారు.

పిలుపు చీటీలు పాత శుభలేఖల అట్టల మీద రాశాం. ప్రతి చీటీలోనూ ఒక విన్నపం పెట్టాను: మీ పిల్ల లేదా పిల్లవాడు సొంతంగా ఒక హీరోను అనుకుని పేరు, శక్తి, గుర్తు మాకు చెప్పాలి. తెలిసిన హీరోనే కావాలన్నా సరే. వచ్చే పన్నెండు మంది పిల్లల్లో ఇద్దరు స్పైడర్‌మ్యాన్‌నే కోరారు. మిగతావాళ్లవి చూస్తే ముచ్చటేసింది. పక్కింటి బాబు కరెంటన్న. కరెంటు పోతే తెప్పిస్తాడు. ఎదురింటి పాప ముద్దల రాణి. అన్నం తినని చెల్లెళ్లతో తినిపిస్తుంది. ఒకడి శక్తి, పోయిన చెప్పు ఎక్కడుందో చూడగలడు.

జూన్ చివర: మిద్దె వద్దు

పండగ మిద్దెమీద చేద్దామని మొదట మా ఆయన ఆలోచన. చోటు ఎక్కువ, సాయంత్రం చల్లగా ఉంటుంది. నమూనాగా ఒక అట్టపెట్టెను భవనంలా కోసి, కిటికీలు గీసి మిద్దెమీద నిలబెట్టి చూశాం. మా అత్త మెట్ల దగ్గర నిలబడి చూస్తూ, "ఆషాఢం గాలమ్మా ఇది. రాయి పెట్టినా ఎత్తకపోతాది" అంది. అన్నంతలోనే అది పిట్టగోడకు కొట్టుకుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మా వైపు పడమటి గాలి అంత బలంగా ఉంటుంది. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఈ గాలిని నమ్ముకునే.

గాలి కంటే పెద్ద కారణం వేరే ఉంది. వీపున కేపు, అంటే సూపర్‌హీరో వెనక వేలాడే గుడ్డ, కట్టుకున్న ఐదేళ్ల పిల్ల ఎగరగలనని మనసా నమ్ముతుంది. అలాంటి పన్నెండు మందిని పిట్టగోడ ఉన్న మిద్దెమీదికి ఎక్కించడం నాకు ఒప్పుదల కాలేదు. ఎత్తైనది ఏదీ ఆటస్థలంలో ఉండకూడదు. కుర్చీలు కూడా ఆటల వేళకు లోపల పెట్టేయాలని రాసుకున్నాను. పండగ కింద వాకిట్లో, వేపచెట్టు పక్కన. పడమటి వైపు కాంపౌండు గోడ ఉంది కాబట్టి గోడకు ఆనుకుని కట్టినవన్నీ గాలి చాటున ఉంటాయి. బ్యానరు కాగితంతో కాకుండా పాత దుప్పటి మీద రంగులతో వేసి, కింది అంచులో ఇసుక మూటలు కుట్టాం. ఆ రోజంతా గాలికి ఉబ్బిందే గాని లేవలేదు.

జూలై మొదటి వారం: కేపులు

ఇది మా అత్త రాజ్యం. కుట్టుమిషను ఆమెదే. కొలతలు వివరంగా రాస్తున్నాను, ఎవరికైనా అక్కరకొస్తాయి.

పాతూరు గాంధీబజారులో 44 అంగుళాల పన్నా ఉన్న సాటిన్ బట్ట ఎరుపు 2 మీటర్లు, నీలం 2 మీటర్లు తెచ్చాం. ఒక్కో కేపు 22 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడుగు. పన్నాను నడిమికి మడిచి కోస్తే రెండు వస్తాయి. 2 మీటర్లంటే దాదాపు 78 అంగుళాలన్నర. మూడు వరసలు కోస్తే ఆరు కేపులు, ఇంకా ఆరు అంగుళాల పైచిలుకు బట్ట మిగులుతుంది. ఆ మిగిలినదాంట్లోనే 13 అంగుళాల పొడుగు, రెండున్నర అంగుళాల వెడల్పున ఆరు మెడపట్టీలు వస్తాయి. అంటే ఎరుపు ఆరు, నీలం ఆరు, పారేసే బట్ట దాదాపు ఏమీ లేదు. లెక్క తేలినప్పుడు మా అత్త ముఖం వెలిగిపోయింది.

ఐదారేళ్ల పిల్లలకు 24 అంగుళాల కేపు మోకాలి దగ్గర ఆగుతుంది. ఇంకా పొడుగు పెడితే పరిగెత్తేటప్పుడు కాళ్లకు అడ్డం పడుతుంది. మెడ దగ్గర తాడు, ముడి, హుక్కు ఏదీ పెట్టలేదు. అంగుళం వెల్క్రో ముక్క ఒకటే. కేపు కొమ్మకో గేటుకో తగులుకుంటే, లేదా వెనక నుంచి ఎవరైనా లాగితే వెంటనే ఊడి చేతికి రావాలి. తాడయితే గొంతుకు బిగుస్తుంది. కుట్టాక ప్రతి కేపునూ మా ఆయన చేతికి చుట్టి వెనక్కి లాగి చూశాను, తేలిగ్గా ఊడాకే మడతపెట్టాను.

సాటిన్ అంచుల్లో దారాలు ఊరికే లేస్తాయి. మడిచి కుట్టడానికి పన్నెండు కేపులకు చాలా సమయం పడుతుంది. అత్త ఆలోచన బాగా పనిచేసింది. కమలానగర్‌లో చీరలకు ఫాల్, పికో చేసే ఆమె దగ్గరికి మొత్తం పట్టుకెళ్లాం. చీర అంచుకు చేసినట్టే అన్నిటికీ పికో కొట్టి ఇచ్చింది. బంగారు రంగు దారం వాడమని చెప్పాం, అంచులు మెరుస్తున్నాయి.

వానక్క కేపు మాత్రం సాటిన్ కాదు. అత్త పెట్టె తెరిచి తన ధర్మవరం పట్టుచీర తీసింది. నెమలికంఠం రంగు, ఎర్ర అంచు. మడతల దగ్గర చిరిగి కట్టుకోవడానికి పనికిరాకుండా ఉంది, జరీ మాత్రం అట్లే ఉంది. చిరుగులు తప్పించి మంచి భాగం చూసి కోసి, లోపల మెత్తటి నూలు లైనింగ్ వేసింది. జరీ అంచులో మిగిలిన ముక్క నడుముకు బెల్టు అయింది. పిల్ల కత్తెర శబ్దానికే చెవులు మూసుకుంది, అవ్వ చీర కోస్తున్నారని. "నీకు కాకుంటే ఇంకెవరికే" అని అత్త కోస్తూనే ఉంది. నాకు కళ్లు చెమర్చాయి.

గుర్తులన్నీ అతికించినవే. పాత చుడీదారు ముక్కలు కోసి బట్ట జిగురుతో అంటించి చుట్టూ ఒక కుట్టు వేశాం. కరెంటన్నకు బల్బు, ముద్దల రాణికి ముద్ద, చెప్పుల వీరుడికి చెప్పు. ఎక్కడ ఏ రంగు పడాలో చిన్నది చెప్పింది. చెప్పు ఊదారంగు అన్నది కూడా తనే.

జూలై రెండో వారం మొదట్లో: మాస్కులు

మాస్కుకు వాడింది రెండు మిల్లీమీటర్ల ఫోము షీటు, స్టేషనరీ అంగళ్లలో ఏ4 సైజులో దొరుకుతుంది. ఒక షీటుకు రెండు మాస్కులు. ప్లాస్టిక్ మాస్కుల్లా గట్టిగా గుచ్చుకోదు, చెమట పట్టినా చిరగదు. ఈ వయసు పిల్లలకు కంటిపాపల మధ్య దూరం 5 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ లెక్కన గుర్తు పెట్టుకుని కంటి రంధ్రాలు పెద్దవిగా, పక్కలకు కూడా కనిపించేలా కోశాం. ముక్కు, నోరు పూర్తిగా బయటే. వెనక మెత్తని ఎలాస్టిక్.

వచ్చే పిల్లలతోపాటు ఇద్దరు ముగ్గురు చంటివాళ్లూ వస్తారు. మాస్కు పెట్టిన ముఖాలు చూస్తే వాళ్లు బెదిరిపోతారు, పెట్టబోయినా ఏడుస్తారు. వాళ్లకోసం చేతి పట్టీలు చేసి ఉంచాను. హీరో గుర్తు మణికట్టు మీద ఉన్నా చాలు.

అదే వారం ఆదివారం: నిమ్మలకుంట

ఈ భాగం మా పథకంలో మొదట లేదు. దప్పి దయ్యం కథను పిల్లలకు ఎలా చూపించాలా అని మాట్లాడుకుంటుంటే మా మామ కుర్చీలోంచి అన్నారు, "వానలు పడకపోతే మా ఊళ్లో తోలుబొమ్మలాట పెట్టిచ్చేవాళ్లు. విరాటపర్వం ఆడితే వాన వస్తాదని." ఆయన చిన్నప్పుడు రాత్రంతా చాప మీద కూర్చుని చూసిన ఆట అది. వానను పిలిచే హీరోకు వానను పిలిచే ఆట! అంతకంటే తగినది ఏముంటుంది? మరుసటి సెలవు రోజే ధర్మవరం మండలం నిమ్మలకుంటకు వెళ్లాం.

ఆ ఊరు తోలుబొమ్మల కళాకారులది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఆటల కంటే దీపాలకు తొడిగే బొమ్మల లాంప్‌షేడ్లు, గోడ బొమ్మలు ఎక్కువ చేస్తున్నారు. మేకతోలును శుభ్రం చేసి, బిగదీసి ఆరబెడితే వెలుతురు సోకే పొర అవుతుంది. దానిమీద గీసి, రెండు వైపులా రంగులు వేస్తారు. నగలు, కిరీటం ఉన్నచోట చిన్న ఉలితో వరసగా బెజ్జాలు కొడతారు. వెనక దీపం పెడితే ఆ బెజ్జాలే రత్నాలు. భుజం, మోచెయ్యి విడివిడిగా చేసి దారంతో ముడేస్తారు కాబట్టి చెయ్యి ఆడుతుంది. మా చిన్నది ఒక బొమ్మ చేతిని పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తూ కదలకుండా నిలబడిపోయింది. సంజీవని కొండ ఎత్తిన చిన్న హనుమంతుణ్ణి కొని తెచ్చుకున్నాం. పండగకు బయట కొన్న బొమ్మ అదొక్కటే, దానికి పెట్టిన ప్రతి రూపాయీ నాకు సంతోషమే. చేసినవాళ్ల చేతికే ఇచ్చాం.

ఆ తర్వాతి సాయంత్రాలు: తెర, బొమ్మలు

వానక్క, దప్పి దయ్యం, మబ్బు బొమ్మలు మేమే చేశాం. తోలు లేదు కాబట్టి నల్ల అట్ట. అట్టలోంచి వెలుతురు రాదు, అందుకే రంగు కావాల్సినచోట కోసేసి వెనక జిలెటిన్ కాగితం అతికించాం. కేపు నీలం, బెల్టు పసుపు, దయ్యం కళ్లు ఎరుపు. నగలకు బదులు వానక్క ఒంటి నిండా దబ్బనంతో చినుకు బెజ్జాలు. దబ్బనం నా చేతిలో, ఎక్కడ గుచ్చాలో పెన్సిలు చుక్క పెట్టడం పిల్ల చేతిలో. కీళ్లకు దారం ముడులు, నడుమ వెదురు పుల్ల, చేతికి ఇంకో పుల్ల. మబ్బుకు నిజంగానే తాడు కట్టాం.

తెరకు మామ తెల్ల పంచె. చట్రానికి నవారు విప్పేసిన పాత మంచం నిలువుగా పెట్టి గోడకు తాళ్లతో బిగించాం. వెలుతురు మీద కొంచెం కుస్తీ పట్టాల్సి వచ్చింది. ట్యూబులైటు పెడితే నీడ అంచులు చెదిరిపోయి ఏ బొమ్మో తెలియలేదు. దీపం ఎంత చిన్న చోటి నుంచి వస్తే నీడ అంత పదునుగా ఉంటుంది. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒక్కటే, తెరకు నాలుగైదు అడుగుల వెనక, తలల కంటే ఎత్తున పెడితే సరిపోయింది. బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే గీత గీతా కనిపిస్తుంది. దీపం వైపు వెనక్కి లాగితే పెద్దదవుతూ మసకబారుతుంది. దయ్యం మొదట రావడానికి ఇదే వాడుకున్నాం: దీపం దగ్గర నుంచి పెద్దగా, మసగ్గా మొదలై తెర దగ్గరికి వచ్చేసరికి చిన్నదైపోతుంది. భయపడే పిల్లలకు ఇది మంచి ఉపాయం.

కథ చిన్నది. దప్పి దయ్యం చెరువంతా తాగేస్తుంది. వానక్క మబ్బును లాగబోతే బరువెక్కువై రాదు. హనుమంతుణ్ణి పిలుస్తుంది. కొండ మోసిన చెయ్యి, ఒక పట్టు పడతాడు. అయినా రాదు. అప్పుడు చూసే పిల్లలందరూ తాడు పట్టాలి. ఇక్కడ తెర ముందుకు నిజం తాడు వదులుతాం.

పండగకు ముందు: ఆటలు, తిండి

ఆటలన్నీ హీరో శిక్షణ పేరుతో. వేపచెట్టుకూ గేటుకూ మధ్య ఉన్నిదారంతో సాలెగూడు అల్లి, పాత గజ్జెల మువ్వలు కట్టాం. మువ్వ మోగకుండా అవతలికి పాకాలి. స్పైడర్‌మ్యాన్‌లు ఇద్దరూ ఉన్నారు కదా, వాళ్ల ఇల్లు అని చెప్పాలి. రెండోది, అవ్వ కళ్లద్దాలు పోయాయి, వెతికి తేవాలి. మూడోది రహస్య సంకేతం: నిజమైన ఆపద వస్తే ఏ నంబరు నొక్కాలి? 112 దేనికైనా, 108 అంబులెన్సుకు. ఆ 108 సేవ 2005లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. ఐదేళ్ల పిల్లలు పాటలా పెట్టి చెబితే చటుక్కున పట్టుకుంటారు. కేపు లోపలివైపు ప్రతి పిల్లకూ వాళ్ల అమ్మానాన్నల నంబరు రాసిన గుడ్డ ముక్క కుట్టాం.

నాలుగోది దయ్యానికి దాహం తీర్చడం. నీళ్ల బెలూన్ల మాట ఎవరో ఎత్తారు. మా ఊళ్లో నేను ఒప్పుకోను. కొళాయి ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసపెట్టే ఊరు ఇది, మనం తాగేవి ఎక్కడో పెన్న అహోబిలం రిజర్వాయరు నుంచి పైపుల్లో రావాలి. వాటిని పిల్లల చేత నేల మీద పగలగొట్టించి నవ్వలేను. దయ్యం ముఖాన్ని పెద్ద అట్ట మీద వేసి, నోరు కోసి, దాని వెనక కానుగ మొక్కలు పెట్టాం. పిల్లలు చిన్న గ్లాసులతో నీళ్లు తొణకకుండా తెచ్చి నోట్లో పోస్తే వెనక మొక్కకు చేరుతాయి.

బెలూన్లు చాలా కొద్ది, అవీ ఎత్తున. పగిలిన రబ్బరు ముక్క చంటిపిల్లల గొంతుకు అడ్డం పడగలదు. గ్యాస్ బెలూన్లు అసలు వద్దన్నాను, వాటిలో చాలాసార్లు హైడ్రోజన్ నింపుతారు, దీపం తగిలితే భగ్గుమంటుంది. నురగ స్ప్రే కూడా అంతే, అందులో మండే వాయువు ఉంటుంది. కొవ్వొత్తి ఊదడం అత్తకు ఎప్పుడూ నచ్చదు, పుట్టినరోజున దీపం ఆర్పుతారా అని. అందుకని ఐదు వత్తుల దీపం వెలిగించడం పెట్టాం.

తిండిలో మా వైపువే ఎక్కువ. బొరుగులతో ఉగ్గాని, కారం లేకుండా పప్పుల పొడి ఎక్కువేసి. పెద్దవాళ్లకు పక్కన మిరపకాయ బజ్జీలు. చెనక్కాయలు మా పంట, కానీ ఐదేళ్ల లోపు పిల్లలకు గింజ గొంతులో పడే ప్రమాదం ఉంది కాబట్టి వేయించి, పొడికొట్టి బెల్లంతో ఉండలు చేశాం. చెనక్కాయలు పడని పిల్లలెవరైనా ఉన్నారా అని ముందే ప్రతి ఇంటికీ అడిగాను. ఒక పాపకు పడదని తెలిసింది. ఆమెకు నువ్వుల ఉండలు వేరే డబ్బాలో, వేరే చేత్తో.

కేకు కుక్కరులో. గాస్కెట్టు, విజిలు తీసేసి, అడుగున ఉప్పు పోసి, స్టాండు మీద గిన్నె పెట్టి సన్నని సెగన. రాగిపిండి, గోధుమపిండి, కోకో, బెల్లం. జూలైలో కూడా మా దగ్గర పగలు 33, 34 డిగ్రీలుంటుంది, క్రీము నిలవదు. చినుకు ఆకారంలో కాగితం కోసి కేకు మీద పెట్టి, టీ వడకట్టే జాలీతో చక్కెర పొడి చల్లి కాగితం తీసేశాం. నల్లటి చినుకు, చుట్టూ తెలుపు. ఇంతకంటే నీటైన కేకు నేను అంగడిలో చూడలేదు.

అన్నిటికంటే నన్ను ఊరించింది శక్తి షర్బత్. మా గోడ మీద పాకిన నీలి శంఖుపుష్పాలు గ్లాసుకు పదేసి లెక్కన వేడినీళ్లలో వేస్తే నీలం దిగుతుంది. చక్కెర కలిపి చల్లార్చాలి. బెల్లం వేస్తే రంగు మురికైపోతుంది. పిల్ల చేతికి నిమ్మచెక్క ఇచ్చి పిండమంటే, పులుపు తగలగానే నీలం ఊదాగా మారిపోతుంది.

పండగ రోజు

జూలైలో మా దగ్గర పొద్దు గుంకేది ఏడింటికి కొంచెం ముందు. నీడల ఆటకు చీకటి కావాలి కాబట్టి ఐదుంపావుకు రమ్మన్నాం. వచ్చినవాళ్లను వచ్చినట్టే మామ గేటు దగ్గర కూర్చుని, "నీ పేరేంది వీరుడా, నీ శక్తి ఏంది?" అని అడిగి కేపు తొడిగారు. ఆ ప్రశ్నకు ప్రతి పిల్ల వెన్నూ నిటారైంది. ఎప్పుడూ అమ్మ కొంగు వదలని ముద్దల రాణి గట్టిగా పేరు చెప్పింది. వాళ్లమ్మ నావైపు చూసిన చూపు నాకు చాలా రోజులు గుర్తుంటుంది.

సాలెగూడు దగ్గర ఎక్కువసేపు ఆడారు, మళ్లీ మళ్లీ వరస కట్టారు. కళ్లద్దాలను చెప్పుల వీరుడే కనిపెట్టాడు, చెప్పుల గూట్లోనే ఉన్నాయి మరి. షర్బత్ రంగు మారినప్పుడు పిల్లలతోపాటు పెద్దలూ ఓహో అన్నారు. కొందరు తాగకుండా రంగు చూస్తూనే కూర్చున్నారు. మొక్కలకు నీళ్లు పోసే ఆట మేం ఆపుదామన్నా వాళ్లు ఆపలేదు.

దీపం వెలిగించాక కేకు, ఆ తర్వాత తెర. బల్బు వేయగానే ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు. మా ఆయన దయ్యం, నేను హనుమంతుడు, చిన్నదే వానక్క. మోకాళ్ల మీద కూర్చుని రెండు పుల్లలూ తనే పట్టింది. మాటలు ఒక్కటీ మరిచిపోలేదు. మబ్బు కదలనప్పుడు "మీరంతా రండి" అని తెర వెనక నుంచి పిలిచింది. పన్నెండు మందీ తాడు పట్టి లాగితే, దాని రెండో కొసకు పైన కట్టిన చెంబు వంగి, కింది జల్లెడలోంచి పిడికెడు నీళ్లు అందరి మీదా చినుకులుగా పడ్డాయి. చంటిపిల్లల్లో ఒకడు ఉలిక్కిపడ్డాడు గాని, వాళ్లన్న "మనమే లాగినాంలే" అని చెప్పాక నవ్వాడు.

తర్వాతి వారం

కేపు, మాస్కు వాళ్లవే కాబట్టి వేరే రిటర్న్ గిఫ్టులు పెట్టలేదు. ఎవరి కానుగ మొక్కను వాళ్లు తీసుకుపోయారు. గోడవార ఒకటి మేం నాటుకున్నాం. సాటిన్ కేపులను ఉతికినా పికో అంచు విడలేదని ఇద్దరు తల్లులు చెప్పారు. స్పైడర్‌మ్యాన్‌లలో ఒకడు ఇప్పుడు సొంత హీరోను గీస్తున్నాడట, పేరు ఇంకా తేలలేదు.

అక్టోబరులో కరెంటన్న పుట్టినరోజు. కేపుల కొలతల కాగితం వాళ్లమ్మకు ఇచ్చాను, మంచం చట్రమూ పంచె తెరా కూడా అరువిస్తాం. ఆలోపు వానక్కకు రెండో కథ కావాలని మా ఇంట్లో పట్టు. ఈసారి ఇసుక మాత్రమే మిగిలిన పెన్నకు నీళ్లు తేవాలి. ఏటి బొమ్మ పొడుగు కాబట్టి నాలుగు అట్టలు కలిపి అతికిస్తున్నాం. నీలం జిలెటిన్ సగానికే అయిపోయింది, సోమవారం సప్తగిరి సర్కిల్ వైపు వెళ్లినప్పుడు తేవాలి.